మరాంగ్ గోంకే జైపాల్ సింగ్ ముండా: ఆయన రాజకీయం ఎక్కడ పుట్టింది?

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ జోహార్. తెలుగులో మనం జోహార్ అనే మాటను ఎక్కువగా పోయినవారికి చెబుతాం. జార్ఖండ్ ఆదివాసులు ఎదురుపడ్డ ప్రతి మనిషికీ పొద్దున్నే చెప్పే పలకరింపు అది. ఈ వ్యాసం ఆ నేల మనిషి గురించి కాబట్టి వాళ్ళ పలకరింపుతోనే మొదలుపెడుతున్నాం.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం పెద్దలు అడిగారు. కొమురం భీం గురించి, బిర్సా ముండా గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆగస్టు 9 వచ్చిందంటే ప్రతి ఊరిలో వాళ్ళ ఫ్లెక్సీలు లేస్తాయి. మేము జైపాల్ సింగ్ ముండాను ఎంచుకోవడానికి కారణం మా వసతిగృహంలోని పెద్ద పిల్లలే. ఇంటర్ పూర్తయ్యేసరికి వాళ్ళ చేతికి ఓటరు కార్డు వస్తుంది. మీరు ఏ పార్టీ అని అడిగితే కొందరు ఇంట్లో వాళ్ళ పార్టీ పేరు చెబుతారు, కొందరు సీనియర్ అన్న చెప్పిన పేరు చెబుతారు, కొందరు ఫోన్‌లో చూసిన వీడియో గురించి చెబుతారు. ఎందుకని అడిగితే చాలామంది దగ్గర మాట ఉండదు. మనిషికి ఒక రాజకీయ నమ్మకం ఎలా వస్తుందో పుస్తకంలో నిర్వచనంగా చెబితే ఎవరికీ ఎక్కదు. ఒక మనిషి జీవితం పక్కన పెట్టుకుని చూస్తే కాస్త తెలుస్తుంది. జైపాల్ సింగ్ జీవితం అలా చూడడానికి చాలా అనువైనది. ఆయన నమ్మకం ఒక్క చోట పుట్టలేదు. ఒకే రూపంలో నిలవనూ లేదు.

ఆయన 1903 జనవరి 3న, ఇప్పటి జార్ఖండ్‌లోని ఖుంటి ప్రాంతంలో టక్రా అనే ముండా గ్రామంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పాహన్. పాహన్ అంటే ఊరి దేవతలకు పూజ చేసే కుటుంబం. మన ఊళ్ళలో పూజారి, దిశారి ఎలాగో అలాగ. పశువులు కాసుకుంటూ పెరిగిన పిల్లవాడు. ఆ నేల ఎలాంటిదో మీరు గుర్తుంచుకోవాలి. బిర్సా ముండా నడిపిన ఉల్‌గులాన్ అనే తిరుగుబాటు ఆ కొండల మధ్యనే జరిగింది. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైలులో చనిపోయారు. అంటే జైపాల్ పుట్టేనాటికి ఇంకా మూడేళ్ళు కాలేదు. ఆ పోరాటాన్ని కళ్ళతో చూసిన మనుషులు ప్రతి ఇంటి అరుగు మీదా ఉండేవారు. జమీందారులూ వడ్డీ వ్యాపారులూ భూములు ఎలా లాక్కున్నారో వాళ్ళకు తెలుసు. బయటినుంచి వచ్చి దోచుకునేవాడిని ముండాలు దికు అంటారు. జైపాల్‌కు అయిదేళ్ళున్నప్పుడు, 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. అడవి కొట్టి ఊరు కట్టిన వంశానికే ఆ నేల ఉమ్మడిగా చెందుతుందన్న ముండాల పాత పద్ధతికి అందులో గుర్తింపు దక్కింది. పోరాడినవాళ్ళు ఓడిపోయారు, అయినా వాళ్ళు అడిగినదాంట్లో కొంత చట్టమైంది. ఆ ప్రాంతంలో పుట్టిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడితో ఆగి, బిర్సా నేలలో పుట్టాడు కాబట్టి నాయకుడయ్యాడు అని రాసేస్తే అది అబద్ధమవుతుంది. ఆ నేలలో వేలమంది పుట్టారు. జైపాల్ అయితే పదిహేనేళ్ళ వయసు దాటకముందే ఆ నేల విడిచి వెళ్ళిపోయారు, తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరాక ఆయన జైపాల్ సింగ్ అయ్యారు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కానన్ కాస్‌గ్రేవ్‌కు ఈ కుర్రవాడి చురుకుదనం నచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజుల్లో ఆయన ఇంగ్లండుకు తిరిగి వెళుతూ జైపాల్‌ను వెంట తీసుకెళ్ళారు. మొదట కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్స్ కళాశాల, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాల. మతాచార్యుడిని చేయాలన్నది మిషన్ ఆశ. ఆయన అర్థశాస్త్రం చదివారు, హాకీ ఆడారు. విశ్వవిద్యాలయం తరఫున హాకీ ఆడి ఆక్స్‌ఫర్డ్ బ్లూ అనే గౌరవం పొందారు.

మిషన్ బడుల గురించి మనలో రెండు రకాల మాటలు వింటాం. మనకు అక్షరం ఇచ్చింది వాళ్ళే అని కొందరు, మన దేవతలను మరిపించింది వాళ్ళే అని కొందరు. జైపాల్ విషయంలో రెండూ నిజమే. ఆ బడి లేకపోతే ఆయనకు ఆక్స్‌ఫర్డ్ లేదు. ఆ బడి వల్లనే ఇంటి పేరు, ఇంటి భాష, ఇంటి పూజ వెనక్కి వెళ్ళాయి. హాస్టల్లో పిల్లలను చూసుకునే మాకు ఈ బాధ బాగా తెలుసు. ఒకటో తరగతిలో చేరినప్పుడు తన భాషలో ఏడ్చిన పిల్ల, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అమ్మ చూడడానికి వస్తే తెలుగులోనే జవాబు చెబుతుంది. చదువు అలా ఇస్తూనే తీసుకుంటుంది. పోయినదాన్ని మళ్ళీ వెతుక్కోవడం ఆ పిల్ల పెద్దయ్యాక చేసుకోవలసిన పని. జైపాల్ అది ముప్పై అయిదేళ్ళ వయసులో చేశారు.

చదువయ్యాక ఆయన ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యారు. ఇప్పటి ఐ.ఎ.ఎస్.కు తాత లాంటి ఉద్యోగం. ఇంగ్లండులో శిక్షణలో ఉండగానే 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌కు వెళ్ళే భారత హాకీ జట్టుకు ఆయనను కెప్టెన్‌గా పిలిచారు. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఇవ్వకపోయినా వెళ్ళారు. భారత్ మొదటిసారి హాకీలో పాల్గొన్న ఒలింపిక్స్ అవి. జట్టులో యువకుడైన ధ్యాన్‌చంద్ ఉన్నారు. అయిదు ఆటల్లో మన జట్టు 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. ఆ ఫైనల్లో జైపాల్ ఆడలేదన్నది కూడా మీకు చెప్పాలి. జట్టు నిర్వాహకులతో ఆయనకు పొసగలేదు. చివరి ఆటలకు పిన్నిగర్ అనే ఆటగాడు జట్టును నడిపాడు. చాలా వ్యాసాలు ఈ సంగతి దాటేసి కప్పు ఆయన చేతిలో పెడతాయి. అంత అవసరం లేదు. దేశానికి తొలి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టుకు ఒక ముండా కుర్రవాడు కెప్టెన్. ఆ ఒక్క మాట చాలు.

తిరిగి వెళ్ళాక శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. ఆయన ఐ.సి.ఎస్.నే వదిలేశారు. మా హాస్టల్లో ఈ కథ చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. మనలో ఒకడికి కలెక్టర్ ఉద్యోగం వస్తే ఆట కోసం వదిలేస్తాడా మేడం అని అడుగుతారు. వదిలేయమని మేము ఎవరికీ చెప్పం. ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. అప్పటికి ఆయనకు రాజకీయ సిద్ధాంతం అంటూ ఏదీ లేదు. జాతీయోద్యమంలో లేరు, ఆదివాసీ ఉద్యమంలోనూ లేరు. ఉన్నది ఒక్కటే, ఇంకొకరి ముందు తల వంచడం ఇష్టంలేని స్వభావం. సిద్ధాంతాలు తర్వాత వచ్చి ఆ స్వభావం మీద కూర్చున్నాయి.

ఆ తర్వాత పదేళ్ళు ఆయన రకరకాల చోట్ల పనిచేశారు. కలకత్తాలో బర్మా షెల్ చమురు కంపెనీలో ఉద్యోగం. అక్కడే తారా మజుందార్‌తో పెళ్ళి. ఆమె తాతగారు ఉమేశ్ చంద్ర బెనర్జీ, 1885లో కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు. ఇంట్లో వాళ్ళ పార్టీయే మన పార్టీ అనుకునే మాటకు జైపాల్ జీవితం పెద్ద మినహాయింపు. అత్తవారిది కాంగ్రెస్ పుట్టిన ఇల్లు, అల్లుడు పాతికేళ్ళపాటు కాంగ్రెస్‌కు ఎదురు నిలబడ్డాడు. 1934లో ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌కు వెళ్ళారు. దాన్నే ఇప్పుడు ఘనా అంటున్నాం. అక్కడి అచిమోటా కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ కళాశాల చిహ్నం మీద పియానో మెట్లు ఉంటాయి, నల్లవీ తెల్లవీ కలిస్తేనే పాట అని చెప్పడానికి. ఘనా తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా అంతకుముందు చదివినది అక్కడే. పరాయి పాలనలో ఉన్న మరో నల్ల జాతి తన చదువు గురించి, తన భాష గురించి ఆలోచించడం జైపాల్ దగ్గరనుంచి చూశారు. తర్వాత రాయపూర్‌లో రాజకుమారులు చదివే రాజ్‌కుమార్ కళాశాల, ఆపైన రాజస్థాన్ ఎడారిలో బికనీర్ సంస్థానంలో పెద్ద పదవి. జీతం, కారు, సూటు, హోదా అన్నీ ఉన్నాయి. పాహన్ ఇంటి పిల్లవాడు ఎక్కగలిగినంత ఎత్తుకు ఎక్కారు.

1938 చివర్లో ఆయన పాట్నా వచ్చారు. అప్పటికి 1935 చట్టం కింద ఎన్నికలు జరిగి బీహార్‌లో కాంగ్రెస్ మంత్రివర్గం నడుస్తోంది. ఛోటానాగ్‌పూర్ ఆదివాసుల్లో ఆ ప్రభుత్వం తమ మాట వినడం లేదన్న బాధ బలంగా ఉంది. జైపాల్ అటు రాజేంద్ర ప్రసాద్‌ను కలిశారు, ఇటు ఇంగ్లీషు గవర్నర్ హాలెట్‌నూ కలిశారు. ఒకరి పార్టీలో చేరవచ్చు, మరొకరి ప్రాపకంలో సభ్యత్వం పొందవచ్చు. ఆయన రెండూ కాదని రాంచీ రైలెక్కారు.

రాంచీలో అప్పుడే ఒక కొత్త పని జరిగి ఉంది. అంతవరకు ఆదివాసులు చిన్నచిన్న గుంపులుగా ఉండేవారు. చదువుకున్న క్రైస్తవ యువకులు 1915లో పెట్టిన ఉన్నతి సమాజ్ ఒకటి, రైతుల సభ ఒకటి, కాథలిక్కుల సభ మరొకటి. ఎన్నికల్లో విడివిడిగా దిగితే ఏమవుతుందో చూశాక 1938లో ఇవన్నీ ఒకటయ్యాయి. దానికే ఆదివాసీ మహాసభ అనే పేరు వచ్చింది. ముండా, ఉరావ్, హో, సంతాల్, ఖరియా అని వేరువేరుగా పిలుచుకున్నవాళ్ళు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, సర్నా పూజ చేసేవాళ్ళు, అందరూ ఒకే పేరు కిందికి వచ్చారు. మనలో కోయ, గోండు, కొండదొర, సవర, చెంచు, లంబాడా అని ఎవరి సంఘం వారిదిగా ఉన్న ఈ రోజుల్లో, ఆ పని ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. ఆ మహాసభకు నాయకుడు కావాలి. 1939 జనవరి 20న జరిగిన సభకు అధ్యక్షత వహించమని జైపాల్‌ను పిలిచారు. వచ్చిన జనం ఆయనను తిరిగి వెళ్ళనివ్వలేదు. మరాంగ్ గోంకే అన్నారు, పెద్ద నాయకుడని అర్థం.

ఆ ఒక్క సభతో ఆయన మారిపోయారని చెప్పే కథలు మాకు అంతగా నచ్చవు. టక్రా అరుగుల మీద విన్నది, ఇంగ్లండులో నల్లవాడిగా బతికినది, సెలవు ఇవ్వని అధికారుల దగ్గర నేర్చుకున్నది, అచిమోటాలో చూసినది అన్నీ లోపలే ఉన్నాయి. అవి ఒకదానికొకటి అతుక్కోవడానికి ఒక జనం కావాల్సి వచ్చింది. ఆయనకు జనం దొరికారు, జనానికి ఆయన దొరికారు. నమ్మకం ఒంటరిగా గదిలో కూర్చుని పుస్తకాలు చదివితే తయారయ్యేది కాదని మేము దీన్నిబట్టే అనుకుంటాం. అలాగని పుస్తకాలు చదవకుండా జనంలో కలిసినా ఆయన మాటకు అంత పదును వచ్చేది కాదు.

తర్వాతి ఏడేళ్ళలో ఆయన చేసినవన్నీ మనం మెచ్చుకోలేం. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువారికి మద్దతు ఇచ్చి ఆదివాసీ యువకులను సైన్యంలో చేరమన్నారు. దేశమంతా క్విట్ ఇండియా అంటున్న కాలంలో అది. కొంతకాలం ముస్లిం లీగ్‌తో చేయి కలిపారు. తెల్లవాడు పోయాక దికుల రాజ్యం వస్తుందన్న భయం ఆయన చేత ఆ పనులు చేయించింది. ఆ భయం ఊహ కాదు, దానికి కారణాలు ఉన్నాయి. కానీ శత్రువుకు శత్రువు మనకు మిత్రుడన్న లెక్క ఆయనకు పెద్దగా కలిసిరాలేదు. 1946 ఎన్నికల్లో మహాసభకు దక్కినది చాలా తక్కువ. లీగ్‌తో స్నేహమూ తెగిపోయింది.

ఆ ఏడాదే ఆయన బీహార్ నుంచి రాజ్యాంగ సభకు వెళ్ళారు. ఇక్కడినుంచి జైపాల్ సింగ్ మనందరి మనిషి అవుతారు. 1946 డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టారు. డిసెంబరు 19న జైపాల్ లేచి మాట్లాడారు. తమను జంగ్లీలు అంటారని, ఆ పేరు మోయడానికి తాను సిగ్గుపడనని ఆ సభలో చెప్పారు. సింధు నాగరికత నాటినుంచి ఈ నేల మీద ఉన్నవాళ్ళం మేము, ఇక్కడ కూర్చున్న చాలామంది తర్వాత వచ్చినవాళ్ళు అన్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పాల్సిన పని లేదనీ, వాళ్ళ దగ్గరే నేర్చుకోవచ్చనీ అన్నారు. వేల ఏళ్ళ మోసం చూసినా నెహ్రూ మాటను నమ్ముతున్నామని, స్వతంత్ర భారతంలో కొత్త అధ్యాయం మొదలవుతుందని కూడా అన్నారు. కోపమూ నమ్మకమూ ఒకే ఉపన్యాసంలో ఉన్నాయి. ఆ సభలో మగవాళ్ళు మరీ ఎక్కువయ్యారని, ఆడవాళ్ళు ఇంకా రావాలని కూడా ఆ రోజే చెప్పారు. మేము ఆడపిల్లల హాస్టల్లో చదివించే మొదటి భాగం అదే. నవంబరు 26న మా పిల్లలు రాజ్యాంగ సభ ఆడతారు. అంబేద్కర్ వేషానికి పోటీ ఎప్పుడూ ఉండేదే, ఈ మధ్య జైపాల్ వేషానికీ పోటీ మొదలైంది. తలపాగా లేకుండా, సూటు వేసుకుని జంగ్లీనని చెప్పే పాత్ర కదా, వాళ్ళకు సరదా.

అప్పట్లో ఆదివాసుల గురించి చదువుకున్నవారిలో రెండు సిద్ధాంతాలు కొట్లాడుకుంటున్నాయి. ఒకటి వెరియర్ ఎల్విన్ పేరుతో నడిచింది. ఆదివాసులను బయటివారి తాకిడి నుంచి కాపాడి వేరుగా ఉంచాలని. రెండోది ఘుర్యే అనే సమాజశాస్త్రవేత్తది. వీళ్ళు వెనకబడిన హిందువులే, మిగతా సమాజంలో కలిసిపోవాలని. గాంధేయవాది ఠక్కర్ బాపా కూడా వేరుగా ఉంచడం తప్పని వాదించారు. జైపాల్ ఈ రెండింటిలో ఏ ఒక్క దాంట్లోనూ ఇమడలేదు. మ్యూజియంలో పెట్టే బొమ్మలం కాము, కరిగిపోయే ఉప్పూ కాము, మా నేల మీద మా నిర్ణయం మాకుండాలి అన్నది ఆయన వాదన సారం. ఈ మాటలు మావి, అర్థం ఆయనది. ఆదివాసీ ప్రాంతాల పాలన ఎలా ఉండాలో చెప్పడానికి రాజ్యాంగ సభ వేసిన ఉపసంఘానికి ఠక్కర్ బాపా అధ్యక్షులు, అందులో జైపాల్ సభ్యులు. అభిప్రాయం కలవని ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేశారు. మన అయిదో షెడ్యూలుకు పునాది ఆ పనిలో ఉంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి, విశాఖ ఏజెన్సీలు కూడా ఆ ఉపసంఘం పరిధిలోనివే.

సభలో ఆయన ఓడిపోయినవి చాలా ఉన్నాయి. షెడ్యూల్డు తెగలు అనే మాటకు బదులు ఆదివాసీ అని రాయమని అడిగారు. 1948 డిసెంబరు 2న అంబేద్కర్ దానికి జవాబు ఇస్తూ, ఆదివాసీ అనేది సాధారణమైన మాటే గాని చట్టంలో ఒక నిర్దిష్ట అర్థం ఇవ్వదని చెప్పారు. పేరు మారలేదు. గిరిజన సలహా మండలికి గట్టి అధికారం ఉండాలని వాదించారు. మొదటి చిత్తులో కొంత ఉన్న బలం చివరికి తగ్గి, సలహా దగ్గరే నిలిచింది. అయినా ఆ అయిదో షెడ్యూలు కిందనే గవర్నర్‌కు మన ప్రాంతాల కోసం నిబంధనలు చేసే అధికారం వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నిబంధన, దాన్ని గట్టిపరచిన 1/70 చట్టం ఆ అధికారంతో వచ్చినవే. మీ నాన్న పట్టా ఇంకా మీ ఇంట్లో ఉందంటే, ఢిల్లీలో అప్పుడు జరిగిన వాదనలకూ దానికీ సంబంధం ఉంది.

మద్య నిషేధం మీద చర్చ కూడా చెప్పాలి. 1948 నవంబరులో ఆదేశిక సూత్రాల్లో మద్య నిషేధం చేర్చబోతే జైపాల్ వ్యతిరేకించారు. బియ్యంతో చేసే పానీయం ఆదివాసీ పూజలో భాగమని, అది లేకుండా సంతాల్ కూలీలు నాట్లు కూడా వేయలేరని చెప్పారు. ఆయన మాట సాగలేదు, 47వ అధికరణం వచ్చింది. ఇక్కడ మేము ఆయనతో సగమే ఏకీభవిస్తాం. విత్తనాల పండుగలో దేవత ముందు పోసే జీలుగు కల్లు, ఇప్ప సారా ఎవరూ ఆపకూడదు. ఆ హక్కు అడగడానికి ఒక మనిషి అంత పెద్ద సభలో నిలబడ్డాడంటే గర్వంగానే ఉంటుంది. కానీ ఆదివారం పిల్లలను చూడడానికి తాగి వచ్చే తండ్రులను గేటు దగ్గర ఆపేది మేమే. వాళ్ళు తాగినది పండుగ కల్లు కాదు, బెల్టు షాపు సీసా. గౌరవించే నాయకుడితో కూడా ఒక విషయంలో తేడా రావచ్చునని మా పిల్లలకు ఈ ఉదాహరణతోనే చెబుతుంటాం. ఒక పార్టీ చెప్పినదంతా మోయాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ చర్చలకు ముందే ఒక ఘోరం జరిగింది. 1948 జనవరి 1న ఖర్సావాన్ సంతలో వేలమంది ఆదివాసులు చేరారు. ఆ చిన్న సంస్థానాన్ని ఒడిశాలో కలపడం వాళ్ళకు ఇష్టం లేదు. జైపాల్ వచ్చి మాట్లాడతారని ఎదురుచూశారు. ఆయన రాలేదు. ఒడిశా పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతో మంది చనిపోయారు. స్వతంత్రం వచ్చి అయిదు నెలలు కూడా కాలేదు. ఈనాటికీ అక్కడ జనవరి 1 పండుగ రోజు కాదు, సంతాపం రోజు. కొత్త దేశాన్ని నమ్ముతున్నామని సభలో చెప్పిన మనిషికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. అయినా ఆయన సభ వదిలిపెట్టలేదు, రాజ్యాంగం పూర్తయ్యేదాకా వాదిస్తూనే ఉన్నారు.

1950 నాటికి మహాసభ జార్ఖండ్ పార్టీ అయింది. ఈ మార్పు పేరులో మాత్రమే కాదు. అక్కడ పుట్టి పెరిగి, అక్కడే బతుకుతున్న ఆదివాసేతరులకు కూడా తలుపు తెరిచారు. జాతి పేరుతో మొదలైన రాజకీయం ప్రాంతం పేరుతో మారింది. కొందరికి అది పలుచన కావడంగా కనిపించింది. మాకు మాత్రం లెక్క తెలిసిన మనిషి పనిగా కనిపిస్తుంది. గనులూ ఫ్యాక్టరీలూ వచ్చాక ఆ ప్రాంతంలో ఆదివాసులు సగం కూడా లేరు. వాళ్ళ ఓట్లతో మాత్రమే రాష్ట్రం రాదు. 1952 తొలి ఎన్నికల్లో కోడిపుంజు గుర్తు మీద ఆ పార్టీ బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ లోక్‌సభకు ఎన్నికయ్యారు. చనిపోయేదాకా ఎంపీగానే ఉన్నారు.

ఆ తర్వాత దెబ్బలు మొదలయ్యాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక భాషా రాష్ట్రాల కోసం వేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘం ముందుకు జార్ఖండ్ కోరిక వెళ్ళింది. 1955లో వచ్చిన నివేదిక దాన్ని కాదంది. ఆ ప్రాంతంలో ఆదివాసులు మైనారిటీ అని, అందరికీ ఒక భాష లేదని కారణాలు చెప్పింది. మన తెలుగువారికి రాష్ట్రం తెచ్చిన సూత్రమే వాళ్ళకు రాష్ట్రం రాకుండా చేసింది. ముండారీ, కురుఖ్, సంతాలీ, హో, నాగ్‌పురీ మాట్లాడే జనాన్ని ఒక భాష కొలతతో కొలిస్తే వచ్చే ఫలితం అంతే. 1957లో పార్టీ బలం నిలిచింది గాని 1962 నాటికి 20 స్థానాలకు పడిపోయింది. డబ్బు లేదు, కార్యకర్తలు అలసిపోయారు, ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే అధికార పక్షం వైపు చూస్తున్నారు.

1963లో జైపాల్ సింగ్ తన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. పాతికేళ్ళు ఎవరితో పోరాడారో వాళ్ళతోనే. బీహార్‌లో మంత్రి పదవి ఇచ్చారు, అది కొద్ది రోజులే నిలిచింది. జార్ఖండ్ రాలేదు. ఆయనను మరాంగ్ గోంకే అన్న నోళ్ళే అమ్ముడుపోయాడన్నాయి. పదవికి ఆశపడ్డారని కొందరు, లోపల ఉండి సాధిద్దామనుకున్నారని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ఐ.సి.ఎస్.నూ బికనీర్ పదవినీ వదిలిన మనిషి కొద్ది రోజుల మంత్రి పదవికి ఆశపడ్డారంటే మేము నమ్మలేం. కానీ అంత పెద్ద నిర్ణయం ఊరూరా తిరిగి పాహన్లనూ మానకీలనూ అడగకుండా పైన కొద్దిమంది తీసుకోవడం మాత్రం ఆయన రాజ్యాంగ సభలో చెప్పిన ఆదివాసీ ప్రజాస్వామ్యానికి సరిపోదు. గ్రామసభలో అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడం మన పద్ధతి అని ఆయనే చెప్పారు కదా. ఆ ఒక్కసారి ఆ పద్ధతి పాటించి ఉంటే పార్టీ అలా ముక్కలయ్యేది కాదేమో. విలీనం ఇష్టం లేనివారు అదే పేరుతో చిన్నచిన్న పార్టీలు పెట్టుకున్నారు. వాటినుంచి మరో తరం ఉద్యమం పుట్టింది.

1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. అరవై ఏడేళ్ళు. దానికి నెలన్నర ముందు, ఫిబ్రవరి 3న, మన ఏజెన్సీలో 1/70 అమలులోకి వచ్చింది. ఆయన రాసుకున్న ఆత్మకథ చాలా కాలం అచ్చు కాకుండా ఉండిపోయి 2004లో వెలువడింది. రాజ్యాంగ సభ చర్చలు మాత్రం ఇప్పుడు అందరికీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1946 డిసెంబరు 19 తేదీ పెట్టి వెతకండి. ఇంగ్లీషు కాస్త కష్టంగా ఉంటుంది, నలుగురు కలిసి కూర్చుని చదివితే ఒక సాయంత్రం పని.

జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా పుట్టినరోజున ఏర్పడింది. జైపాల్ సింగ్ రాంచీలో తొలిసారి ఆదివాసీ మహాసభ వేదిక ఎక్కి అప్పటికి అరవై ఒక్క ఏళ్ళు.